కరెంటు రెండు రోజులు రాకపోయినా ఇల్లు నడవాలంటే: పల్లెటూరి ఇళ్లకు ముందు జాగ్రత్తలు

పల్లెల్లో కరెంటు పోయిందంటే ఒక పట్టాన రాదు. లైను తీరే అంత. సబ్‌స్టేషన్ నుంచి ఊరిదాకా కిలోమీటర్ల కొద్దీ తీగలు పొలాల మీదుగా, చెట్ల మధ్య నుంచి వస్తాయి. ఎక్కడ ఒక కొమ్మ విరిగిపడినా, ఎక్కడ పిడుగు పడినా ఆ లైను మీదున్న ఇళ్లన్నీ చీకట్లో ఉండాల్సిందే. గాలివాన వెలిశాక బాగుచేసేటప్పుడు కూడా ముందు పెద్ద లైన్లు, సబ్‌స్టేషన్లు, ఆ తర్వాత ఎక్కువ ఇళ్లున్న లైన్లు, చిట్టచివర విడిగా ఉన్న ఇళ్లు చూస్తారు. మీ ఇల్లు ఊరికి దూరంగా ఉంటే మీ వంతు ఆఖరున వస్తుంది. అందుకే రెండు గంటల కోతకు సరిపడా కాకుండా, రెండు రోజులు కరెంటు రాకపోతే ఎలా అని ఆలోచించి ఏర్పాట్లు చేసుకోవాలి.

చాలామంది ఈ పని ఇన్వర్టర్ కొనడంతో మొదలుపెడతారు. మేమూ అలాగే చేశాం. తీరా చూస్తే ఫ్యాను తిరుగుతోంది, ట్యాంకులో మాత్రం చుక్క నీళ్లు లేవు. ముందు కరెంటుతో పనిలేకుండా ఏవేవి జరుగుతాయో వాటిని సిద్ధం చేసుకోవాలి: నీళ్లు, మందులు, వెలుతురు, వంట. మిగిలిన వాటికే బ్యాటరీ. ఈ వరస పాటిస్తే ఖర్చూ తగ్గుతుంది, ఇన్వర్టర్ మొరాయించిన రోజున కంగారూ ఉండదు.

ఏదీ కొనకముందు ఒక పని చేయండి. ఒకరోజు చీకటి పడ్డాక, ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి, మెయిన్ స్విచ్ ఆపేసి రెండు గంటలు అలాగే ఉండండి. ఏది ఆగిపోయింది, దేనికోసం వెతుక్కున్నారు, ఎక్కడ కాలు తడబడింది అన్నీ కాగితం మీద రాసుకోండి. మా ఇంట్లో ఇలా చేసినప్పుడు ముందుగా టార్చిలైటు కోసం వెతికాం. అది బీరువా అడుగు అరలో, దుప్పట్ల కింద దొరికింది. స్విచ్ నొక్కితే వెలగలేదు. వెనక మూత తిప్పబోతే బిగుసుకుపోయి ఉంది, గుడ్డతో పట్టి తిప్పితే లోపల సెల్లులు కారిపోయి, స్ప్రింగు చుట్టూ తెల్లటి పొడి గట్టిపడి ఉంది. ఈలోపు అమ్మ గోడ పట్టుకుని బాత్‌రూమ్ వైపు నడుస్తోంది, ఆ గుమ్మం దగ్గర కిందికి ఒక మెట్టు ఉంది. నలభై ఏళ్లుగా తిరుగుతున్న ఇల్లే అయినా ఆ మెట్టు దగ్గర ఆగి, కాలితో తడిమి తడిమి చూసుకుంది. మర్నాడు నేను చేసిన మొదటి పని ఆ మెట్టు అంచున వేలెడు వెడల్పున తెల్ల పెయింటు వేయడం, గుమ్మం పక్కన మేకు కొట్టి టార్చి తగిలించడం. ఇన్వర్టర్‌కి పెట్టిన డబ్బులో వందో వంతు కూడా అవలేదు, కానీ ఇప్పటికీ మా ఇంట్లో అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చే ఏర్పాటు అదే.

నీళ్లు

బోరు మోటారు ఆగితే ఇల్లు ఆగుతుంది. 1 హెచ్‌పీ మోటారు నడవడానికి 746 వాట్లకు పైనే కావాలి, స్టార్టయ్యే క్షణంలో అయితే మామూలుగా లాగే కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. ఇంట్లో లైట్లకీ ఫ్యాన్లకీ పెట్టుకునే చిన్న ఇన్వర్టర్ దాన్ని మోయలేదు, ఆ ప్రయత్నం కూడా చేయకండి, కాలిపోతుంది. కాబట్టి కరెంటు ఉన్నప్పుడే నీళ్లు ఎత్తిపెట్టుకోవాలి. డాబా మీద ట్యాంకు ఉంటే అంతకంటే మంచి బ్యాటరీ లేదు. నీళ్లు వాటంతటవే కిందికి దిగుతాయి, కరెంటుతో పనేలేదు. ట్యాంకు సగానికి వచ్చిందంటే మోటారు వేయాలన్నది ఇంట్లో అందరికీ అలవాటు కావాలి. ఖాళీ అయ్యాక వేద్దాంలే అనుకుంటే సరిగ్గా ఆ రోజే కరెంటు పోతుంది.

ఎన్ని నీళ్లు కావాలంటే, తాగడానికి, వండటానికి, ఒంటికి, గిన్నెలకి కలిపి పొదుపుగా వాడితే మనిషికి రోజుకు 15 లీటర్లు లెక్క వేసుకోండి. నలుగురున్న ఇంటికి రెండు రోజులకు 120 లీటర్లు. ఇది ఒక పెద్ద డ్రమ్ము కంటే తక్కువే. మరుగుదొడ్డికి పోసే నీళ్లు వేరే బకెట్లలో పట్టుకోండి, వాటికి వాడిన నీళ్లయినా సరిపోతాయి. నీళ్లు శుద్ధిచేసే మిషన్ కరెంటు లేకపోతే పనిచేయదు గనక తాగేవాటిని మాత్రం మూత ఉన్న శుభ్రమైన క్యాన్లలో పట్టి, తేదీ రాసి, వాడుతూ మారుస్తూ ఉండాలి. అవి అయిపోతే మిగతా నీళ్లను బుడగలు గట్టిగా తెర్లేదాకా కాచి, ఒక నిమిషం అలాగే మరగనిచ్చి చల్లార్చుకుని తాగండి.

పశువులున్నవాళ్లు ఈ లెక్కలో వాటిని మర్చిపోతారు. పాలిచ్చే ఆవు ఎండాకాలంలో రోజుకు 60 లీటర్లకు పైగా తాగగలదు, అంటే ఇంట్లో నలుగురు మనుషులకు పెట్టుకున్న లెక్క ఒక్క ఆవుకి. కొట్టం దగ్గర విడిగా తొట్టె ఉండాలి, అది ఎప్పుడూ నిండుగా ఉండాలి. బావి ఉంటే చేదతాడు, బొక్కెన సరిగా ఉన్నాయో లేదో చూసుకోండి, ఏళ్లుగా వాడని తాడు బరువుకి పుటుక్కున తెగుతుంది. చేతిపంపు ఉంటే వారానికోసారైనా కొట్టండి, వాడకపోతే లోపలి వాషరు ఎండిపోయి నీళ్లు ఎక్కవు.

మందులు, మిషన్లు

ఇంట్లో ఎవరైనా ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ (గాలి నుంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషన్) మీద ఉంటే మిగతావన్నీ పక్కన పెట్టి ముందు దీని సంగతి చూడండి. నిమిషానికి ఐదు లీటర్లు ఇచ్చే మిషన్ సుమారు 300 వాట్లు ఆపకుండా లాగుతుంది, మామూలు ఇంటి ఇన్వర్టర్ మీద రెండు మూడు గంటలకు మించి నడవదు. దానికి నిండు సిలిండరు ఒకటి, రెగ్యులేటరు, పైపు బిగించి సిద్ధంగా ఉండాల్సిందే. ఆ సిలిండరు ఎన్ని గంటలు వస్తుందో డాక్టరును, సిలిండరు ఇచ్చేవాళ్లను అడిగి దాని మీదే రాసి అంటించండి. కరెంటు ఆఫీసులో కూడా మా ఇంట్లో ఇలాంటి మనిషి ఉన్నారని ముందే కాగితం రాసి ఇవ్వండి. నెబ్యులైజర్ వాడేవాళ్లు కరెంటు లేనప్పుడు దాని బదులు ఏం వాడాలో డాక్టరును ఇప్పుడే అడిగి పెట్టుకోండి, రాత్రి ఆయాసం వచ్చాక అడగడం కుదరదు.

ఇన్సులిన్ గురించి చాలామందికి అనవసరమైన టెన్షన్ ఉంటుంది. తెరవని సీసాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, అది నిజమే. కానీ వాడుతున్న సీసా లేదా పెన్ను చాలా రకాల్లో గది వేడిలో, ఎండ తగలకుండా, సుమారు 28 రోజులు ఉంటుంది (మీది ఎన్ని రోజులో, ఎంత వేడి వరకు తట్టుకుంటుందో పెట్టె మీద చూడండి). ఎండలు మండిపోయే రోజుల్లో అయితే సీసాను ప్లాస్టిక్ కవర్లో పెట్టి, తడి ఇసుక పోసిన మట్టికుండలో నీడన ఉంచితే బయటికంటే చల్లగా ఉంటుంది. ఐసుగడ్డ మీద మాత్రం నేరుగా పెట్టకండి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్లీ కరిగినా పనికిరాదు.

వెలుతురు, ఫోను

గదికో టార్చి అక్కర్లేదు, కానీ ఉన్నవి ఎప్పుడూ ఒకేచోట ఉండాలి. తలకు తగిలించుకునే లైటు ఒకటి కొనండి, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. వంట చేసేటప్పుడు, పాలు పితికేటప్పుడు, పిల్లలను ఎత్తుకున్నప్పుడు దాని విలువ తెలుస్తుంది. సెల్లులతో నడిచే టార్చి అరుదుగా వాడేదైతే సెల్లులు తీసి దాని పక్కనే కవర్లో పెట్టండి, మాది పాడైనట్టు పాడవకుండా ఉంటుంది. ఛార్జింగ్ రకమైతే నెలకోసారి ఛార్జింగ్ పెట్టాలి, అందుకోసం ఫోనులో నెల మొదటి తారీఖుకి అలారం పెట్టుకోండి. కొవ్వొత్తులు, దీపాలు మాత్రం ఆఖరి మాటగా ఉంచుకోండి. మంచం దగ్గర, కిటికీ తెర దగ్గర, పిల్లలు తిరిగేచోట అసలే వద్దు, వెలిగించి నిద్రపోవద్దు.

ఫోను విషయంలో ఒకటి గుర్తుంచుకోవాలి: మీ ఫోనులో ఛార్జింగ్ ఉన్నా సెల్‌టవర్లో ఉండాలిగా. చాలా టవర్లకు బ్యాటరీ కొన్ని గంటలే వస్తుంది. అందుకని కరెంటు పోయిన మొదటి గంటలోనే చెప్పాల్సిన వాళ్లకు చెప్పేయండి. సిగ్నల్ సన్నగిల్లితే కాల్ కలవకపోయినా మామూలు మెసేజ్ ఒక్కోసారి వెళ్తుంది. పవర్‌బ్యాంకు మీద 10,000 ఎంఏహెచ్ అని ఉన్నా ఫోనుకి చేరేది అందులో మూడింట రెండు వంతులే, అంటే ఇప్పటి ఫోను ఒకసారి పూర్తిగా నిండి కొంచెం మిగులుతుంది. ముఖ్యమైన నంబర్లు, అంటే కరెంటు ఆఫీసు, లైన్‌మన్, డాక్టరు, పక్కింటివాళ్లు, కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి తలుపు వెనక అంటించండి. ఫోను ఆగిపోతే నంబర్లు కూడా దాంతోపాటే పోతాయి. సెల్లులతో నడిచే చిన్న రేడియో ఉంటే తుఫాను రోజుల్లో వార్తలకు అదే దిక్కు.

బ్యాటరీ లెక్క

ఇప్పుడు ఇన్వర్టర్ దగ్గరికి వద్దాం. కొనే ముందు పది నిమిషాలు కూర్చుని లెక్క వేసుకుంటే మోసపోరు. రాత్రిపూట తప్పనిసరిగా నడవాల్సినవి రాయండి. ఉదాహరణకు 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు మూడు 27 వాట్లు, మామూలు సీలింగ్ ఫ్యాన్లు రెండు 150, ఇంటర్నెట్ రౌటర్ 10, ఫోన్ల ఛార్జింగ్ 15, మొత్తం సుమారు 200 వాట్లు. బ్యాటరీ మీద 12 వోల్టులు, 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు) అని ఉంటే రెండూ గుణించండి, 1800 వాట్ అవర్లు, అంటే 1800 వాట్లు ఒక గంటసేపు. కాగితం మీద చూస్తే తొమ్మిది గంటలు రావాలి. కానీ నీళ్లుపోసే లెడ్ యాసిడ్ బ్యాటరీ ఎక్కువకాలం మన్నాలంటే సగానికి మించి వాడకూడదు, అంటే 900. అందులో ఇన్వర్టర్ తినేది దాదాపు 15 శాతం పోతే మీకు దక్కేది 765. దాన్ని 200తో భాగిస్తే నాలుగు గంటలు కూడా లేదు. దుకాణంలో చెప్పే గంటలకీ ఇంట్లో వచ్చే గంటలకీ తేడా ఇందుకే.

ఇంకో బ్యాటరీ కొనడం కంటే ముందు ఫ్యాన్లు మార్చండి. బీఎల్‌డీసీ ఫ్యాను (బ్రష్‌లు లేని డీసీ మోటారుది) 30 వాట్లకే తిరుగుతుంది. రెండు ఫ్యాన్లు మారిస్తే పై మొత్తం 200 నుంచి 112కి దిగుతుంది, అదే బ్యాటరీ మీద దాదాపు ఏడు గంటలు వస్తుంది, అంటే రాత్రంతా నిద్ర పడుతుంది. నా మాటగా ఇది గట్టిగా చెప్తాను: పల్లెటూరి ఇంటికి రెండో బ్యాటరీ కంటే తక్కువ కరెంటుతో తిరిగే ఫ్యాను మేలు. ఎందుకంటే బ్యాటరీ ఎంత పెద్దదైనా మళ్లీ నిండాలిగా. పూర్తిగా దిగిన 150 ఏహెచ్ బ్యాటరీ నిండటానికి 10 నుంచి 12 గంటలు పడుతుంది. కరెంటు రోజుకు నాలుగుసార్లు వచ్చిపోయే ఊళ్లో అది ఎప్పటికీ నిండదు, అరకొరగా ఉండి ఉండి తొందరగా చచ్చిపోతుంది. అలాంటిచోట డాబా మీద చిన్న సోలార్ ప్యానెల్ పెట్టి బ్యాటరీకి కలుపుకుంటే బాగుంటుంది. మంచి ఎండలో 100 వాట్ల ప్యానెల్ రోజుకు 300 నుంచి 400 వాట్ అవర్లు ఇస్తుంది. మబ్బుపట్టిన రోజున అందులో కొంతే వస్తుంది, దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు ఖరీదెక్కువ, కానీ 80 శాతందాకా వాడుకోవచ్చు, నీళ్లు పోసే పని లేదు, తొందరగా నిండుతాయి. వాటికి సరిపోయే ఛార్జింగ్ సెట్టింగు ఉన్న ఇన్వర్టరే కావాలి, పాతదానికి ఊరికే తగిలించకూడదు.

లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉన్నవాళ్లు రెండు నెలలకోసారి నీళ్లు చూడాలి. మా మొదటి బ్యాటరీ రెండో ఏడాదిలోనే పోయింది. కొన్న రోజు తప్ప దాని మూత ఎవరం తీసి చూడలేదు, లోపల ప్లేట్లు సగం బయటికి తేలి ఎండిపోయాయి. డిస్టిల్డ్ వాటరే పోయాలి, కుళాయి నీళ్లు పోస్తే అందులోని ఉప్పులు ప్లేట్లను తినేస్తాయి. గుర్తు మించి పోయవద్దు. ఛార్జింగ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది, అది మండే గ్యాసు. కాబట్టి గాలి ఆడేచోట పెట్టండి, పడకగదిలో వద్దు, దాని దగ్గర అగ్గిపుల్ల గీయవద్దు. టెర్మినళ్ల మీద పచ్చగా తెల్లగా బూజులా పేరుకుంటే ఇన్వర్టర్ ఆపి, వైర్లు విప్పించి, వంటసోడా కలిపిన నీళ్లతో తుడిచి, ఆరాక వాజలీన్ రాయండి. చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు ఉండాలి, లోపలిది యాసిడ్.

జనరేటర్ ఉంటే

ఇక్కడ ప్రాణాల మాట కాబట్టి నెమ్మదిగా చదవండి. జనరేటర్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, కళ్లు తిరగడం, మత్తు, అంతే, నిద్రలో ఉన్నవాళ్లు అలాగే పోతారు. వాన పడుతోందనో, దొంగలు ఎత్తుకుపోతారనో దాన్ని వరండాలోకి, కొట్టులోకి, సగం మూసిన షెడ్డులోకి తీసుకురావద్దు. కిటికీలు తెరిచి ఉన్నా సరే. ఇంటికి కనీసం 6 మీటర్ల దూరంలో, పొగగొట్టం తలుపులు కిటికీలకు అటువైపు తిరిగి ఉండేలా పెట్టాలి. నిప్పుల కుంపటి ఇంట్లో పెట్టుకున్నా ఇదే ప్రమాదం.

రెండోది, జనరేటర్ వైరును గోడకున్న ప్లగ్గులో గుచ్చి ఇల్లంతా కరెంటు ఇచ్చే పద్ధతి. దయచేసి ఇది చేయకండి. మీ ఇంటి నుంచి ఆ కరెంటు బయటి లైనులోకి వెళ్తుంది, ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని తిరగేసి వేల వోల్టులు చేస్తుంది, లైను చచ్చిపోయి ఉందనుకుని స్తంభం ఎక్కినవాడు ప్రాణం పోగొట్టుకుంటాడు. చేంజోవర్ స్విచ్ పెట్టించండి, ఒక సమయంలో ఒకవైపే కలిసే స్విచ్ అది. లేదంటే కావాల్సిన ఒకటి రెండు వస్తువులను నేరుగా జనరేటర్‌కే తగిలించండి. ఇంజను చల్లారాకే పెట్రోలు పోయండి.

ఫ్రిజ్

తలుపు తీయకపోతే ఫ్రిజ్ 4 గంటలు చల్లగానే ఉంటుంది. నిండుగా ఉన్న ఫ్రీజరు 48 గంటలు, సగం నిండినదైతే 24 గంటలు. అందుకే ఫ్రీజరులో ఖాళీ ఉంటే నీళ్ల సీసాలు పెట్టి నింపండి, పైన కాస్త వెలితి ఉంచండి, గడ్డకడితే నీళ్లు ఉబ్బుతాయి. ఇంకో చిన్న ఉపాయం ఉంది. కప్పులో నీళ్లు గడ్డకట్టించి దాని మీద ఒక నాణెం పెట్టి ఫ్రీజరులో ఉంచండి. మీరు ఊరెళ్లి వచ్చాక నాణెం కప్పు అడుగున కనిపిస్తే మధ్యలో అంతా కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం, అందులోవి తినకండి. పాలు, మాంసం, వండినవి 4 డిగ్రీలు దాటి రెండు గంటలకు మించి ఉంటే పారేయాల్సిందే. వాసన బాగానే ఉందని నమ్మవద్దు, జబ్బు చేసే క్రిములకు వాసన ఉండాలని లేదు.

పోయినప్పుడు, వచ్చినప్పుడు

కరెంటు పోగానే ఇల్లంతా ఒక చుట్టు చుట్టండి. ఇస్త్రీపెట్టె, హీటరు, మోటారు, ఫ్రిజ్, టీవీ స్విచ్‌లు ఆపండి, ఒక్క బల్బు మాత్రం వేసి ఉంచండి, వచ్చిందని తెలియడానికి. ఇస్త్రీపెట్టె గుడ్డ మీద ఉండగా కరెంటు పోయి, దాన్ని అలాగే వదిలేసి పొలం వెళ్లిపోతే, తిరిగొచ్చిన కరెంటు ఇంటికి నిప్పు పెట్టగలదు. ఉరుములు మొదలైతే ఆ వస్తువుల ప్లగ్గులు పీకేయడమే మంచిది, పిడుగు దగ్గర్లో పడితే స్విచ్ ఆపి ఉన్నా దాటుకుని వస్తుంది.

వచ్చాక వెంటనే అన్నీ వేయకండి. మొదటి నిమిషాల్లో వోల్టేజీ ఎగుడుదిగుడుగా ఉంటుంది, పది నిమిషాలు ఆగి ఒకదాని తర్వాత ఒకటి వేయండి. ఫ్రిజ్ కంప్రెసర్‌కి ఆగిన తర్వాత ఐదు నిమిషాలైనా విరామం కావాలి. బల్బు మామూలుకంటే తెల్లగా మండిపోతున్నా, లేక ఒక గదిలో మసకగా ఇంకో గదిలో ఎక్కువగా వెలుగుతున్నా న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) తెగి ఉండొచ్చు, ఆలస్యం చేయకుండా మెయిన్ ఆపి కరెంటువాళ్లకు ఫోన్ చేయండి. తీగ తెగి కింద పడి ఉంటే కరెంటు పోయింది కదా అని దగ్గరికి వెళ్లొద్దు, ఏ క్షణాన్నైనా వస్తుంది. 10 మీటర్లు దూరంగా ఉండండి, పిల్లలను, పశువులను అటు పోనివ్వకండి. తీగలకు తగిలే కొమ్మలు మీరే కొట్టే ప్రయత్నం కూడా వద్దు, లైన్‌మన్‌ను పిలిచి, లైను ఆపించి కొట్టించండి, అది వానాకాలం రాకముందే చేయించండి.

ఇక కరెంటు నిలకడగా ఉందనిపించగానే ముందు ట్యాంకు, తొట్టె నింపండి. తర్వాత టార్చీలు, పవర్‌బ్యాంకు ఛార్జింగ్‌లో పెట్టండి. ఈసారి ఎన్ని గంటలు పోయింది, బ్యాటరీ ఎంతసేపు వచ్చింది, ఏం తక్కువైంది అన్నది తలుపు వెనక నంబర్ల కాగితం కిందే తేదీ వేసి రాసి పెట్టుకోండి.